ఆకాశం నుంచి దిగిన సొమ్ము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



కుంఠా నాకాలో నిలబడి విమానాల ముచ్చట చెప్పటమేమిటని కొందరికి నవ్వు రావచ్చును. మగ్గం ముందు కూర్చున్నవానికి ఆకాశంతో పనేమిటి? కాని ఆకాశానికి మనతో పని పడవచ్చును గదా. హైదరాబాదులో టాటా మౌలిక పరిశోధన సంస్థవారి బెలూన్ కేంద్రం 1969 నుంచి ఉన్నది. పల్చని పాలిథిలీన్ సంచిలో హైడ్రోజన్ నింపి, దాని కింద శాస్త్ర పరికరాలు కట్టి వదులుతారు. సుమారు 30, 40 కిలోమీటర్ల ఎత్తున కొన్ని గంటలు తిరిగి, ఆ పరికరాలు రంగు పారాచూటుకు వేలాడుతూ ఎక్కడో ఎవరి చేలోనో దిగుతవి. వారు పత్రికలలో వేసిన ప్రకటనలలో విశాఖపట్నం–హైదరాబాదు–సోలాపూరు గీత అని ఒక మాట ఉన్నది. ఆ గీతకు పడమటి కొస మన ఊరే.

విప్పవద్దు, దగ్గరి పోలీసు ఠాణాకో తపాలా కచేరికో కబురు చేయండి, ఖర్చులూ తగిన బహుమానమూ ఇస్తాము, విప్పితే బహుమానం లేదు అని ఆ ప్రకటన సారాంశం. న్యాయమైన మాటే. 2005 ఏప్రిల్ 20న ఎగిరిన బెలూను 459 కిలోల బరువు మోసింది. అందులో సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేసి, గాలి తీసేసిన 16 ఉక్కు గొట్టాలున్నవి. 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తులలో గాలి పట్టి తెచ్చినవి. నేల మీద ఎవరైనా కుతూహలంకొద్దీ మూత తిప్పి ఉంటే అంత శ్రమా మట్టిలో కలిసేది.

బహుమానంతో లెక్క తీరుతుంది. మర్యాద కూడా తీరుతుందా అన్నదే నా ప్రశ్న.

ఇంజను లేని విమానం, అంటే గ్లైడరు, నడిపేవారికి ఈ ప్రశ్న తరచుగా ఎదురవుతుంది. వేడిగాలి ఎత్తినంతసేపు ఎగురుతారు, అది చాలకపోతే ఏ పొలంలోనో దిగక తప్పదు. మిత్రులు కారుకు పొడవాటి బండి తగిలించుకొని వచ్చి, రెక్కలు ఊడదీసి, అందులో సర్ది ఇంటికి చేరుస్తారు. అలా వచ్చినవారికి, ఎంత పొద్దుపోయినా సరే, భోజనం పెట్టించి పెట్రోలు ఖర్చు భరించటం దిగినవాని ధర్మమని వారిలో ఆచారం. రైతు సంగతి ఇంతకంటె సున్నితం. యంత్రం నలిపిన పైరుకంటె చూడవచ్చిన జనం తొక్కేది ఎక్కువ కావచ్చు. 2022 డిసెంబరు 7న వికారాబాదు జిల్లా మర్పల్లి దగ్గర ఒక స్పెయిన్ కంపెనీవారి గుండ్రని పెద్ద డబ్బా దిగితే జనం ఎగబడి చూశారు. కనుక ముందు జనాన్ని గట్టు మీద నిలపాలి. తర్వాత రైతు ఎవరో కనుక్కొని నష్టమెంతో అడగాలి. ధన్యవాదాలు ఆ పిమ్మట. ముందే చెబితే నష్టం మాట ఎగవేయటానికి చెప్పినట్లుంటుంది.

మన ఇళ్ళలో ధన్యవాదమనే మాట సభలలో తప్ప ఎవరంటారు? వీధిలో పడుగు చాచి ఉండగా చినుకు పడితే ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చి లోపల పెడతారు. వారికి ధన్యవాదాలంటే "మమ్మల్ని పరాయివాళ్ళను చేశావా?" అంటారు. "కూర్చో వదినా" అని చాయ్ పోస్తాము. రేపు వారి పడుగుకు మనం పరుగెత్తుతాము. ఇది చక్కని పద్ధతే, కాని రేపు కనబడేవారి దగ్గరనే చెల్లుతుంది. మళ్ళీ ఎన్నడూ కనబడని రైతుకు ఆ పూటనే, ఆయన భాషలోనే, నోరు తెరిచి చెప్పాలి. "దాదా, ఫార్ ఉపకార్ ఝాలే" అంటే చాలు.

డబ్బు మాట నలుగురిలో తీయరాదు. ఇంటికి వెళ్ళి, పైరు నష్టమని పేరుపెట్టి ఇస్తే పుచ్చుకుంటాడు, బహుమానమంటే చిన్నబుచ్చుకోవచ్చు. ఇక మనకు సోలాపూరు చద్దరు ఉన్నది. కప్పితే కాదనేవారుండరు. అయితే నష్టపరిహారం ఎగ్గొట్టి చద్దరు కప్పటం మాత్రం తగని పని!

చివరికి ఒక ఉత్తరం. 2005 నాటి గొట్టాలలో మూడు కొత్త బాక్టీరియా జాతులు దొరికినవని 2009లో ప్రకటించారు. ఒకదానికి హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టారు. పెట్టె కాపాడిన రైతు పేరు కూడా పెట్టమని నేను అనను. మీ చేలో దిగిన దానిలో ఇది దొరికిందని రెండు వాక్యాలు రాస్తే ఆయన ఊరంతా చదివి వినిపిస్తాడు. మనవైపు దిగితే అటువంటి ఉత్తరం మరాఠీలో రాసిపెట్టగల పిల్లలు ఈ పేటలో ఇంటికొకరున్నారు.