ఆ అమ్మమ్మకు మనం చెప్పలేదు



మన అరకు లోయలో దాతలు నడిపే ఓ పిల్లల ఆశ్రమానికి వెళ్లాను. వేడిగా అన్నం పెడుతున్నారు, జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకెళ్తున్నారు. కాదనను. కానీ సంతరోజు ఓ అమ్మమ్మ వచ్చి మనవడితో కువిలో మాట్లాడుతుంటే, వాడు దిక్కులు చూస్తున్నాడు. మూడేళ్లలో మాట మర్చిపోయాడు.

పిల్లల్ని సంస్థలో ఉంచడం ఆఖరి మార్గమే అంటోంది 2015 బాలల న్యాయ చట్టం. తల్లిదండ్రుల్లేక బంధువుల ఇంట్లో పెరిగే పేద బిడ్డకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. ఆమెకు ఎవరూ చెప్పలేదు. డిగ్రీ చదివిన నేనూ చెప్పలేదు!

మీ ఊళ్లో అలాంటి బిడ్డ ఉంటే దరఖాస్తు మనమే రాద్దాం, పాడేరు దాకా మనమే తోడెళ్దాం. ఎవరూ లేని పిల్లలకు ఆశ్రమం ఉండాల్సిందే. అక్కడ కువి వచ్చిన ఆయమ్మని పెట్టమని అడుగుదాం.