జాషువాకవి: శిలావిగ్రహము, జనుల నాలుక
(ఒక గ్రంథాలయ సభయందు గావించిన యుపన్యాసము)



జాషువాకవి విగ్రహద్వేషి యని కొందఱును, మన దేవతలను ధిక్కరించిన క్రైస్తవుడని మఱికొందఱును అనుచుందురు. 1941వ సంవత్సరమున వెలువడిన "గబ్బిలము"ను నిదానముగ జదివినవా రీ మాట యనజాలరు. మేఘమును రాయబార మంపిన యక్షుడు విరహార్తుడు. గబ్బిలము నంపిన యీ దక్షిణదేశపు టస్పృశ్యుడు ఆకలిగొన్నవాడు. వాని విన్నప మెవ్వరికి? శివునికే గదా! శిలయందు దేవుడు లేడని నమ్మినవాడు మొఱపెట్టుకొనునా? పూజారి యెదుట లేని వేళ జూచి తన బ్రదుకుకథ స్వామి చెవిని వేయుమని గబ్బిలమును వేడుకొనుటలోనే కవి హృదయమంతయు నున్నది. మనుష్యునకు మూసిన తలుపు గబ్బిలమునకు మూయబడలేదు. కవి కోపము ఆ తలుపు మీదను, తాళపుచెవి చేతబట్టినవాని మీదను. 1895లో వినుకొండయందు బుట్టి, కులము పేర నవమానములు దిగమ్రింగి పెరిగినవాని కోప మది. ప్రతిమల పెండ్లిండ్లకు ధనము గ్రుమ్మరించి పేదవాని కంచమువంక జూడని దాతలను ఆయన వాడిగానే యధిక్షేపించెను. ఆ దెబ్బ దాతలకు దగులును గాని దేవునికి గాదు.

ఇక కీర్తిమాట. 1932లో ప్రకటితమైన "ఫిరదౌసి" కావ్యమునకు మూలమైన యనుశ్రుతి మీ రెఱిగినదే. గజనీ మహమ్మదు పద్యమున కొక బంగారునాణెము చొప్పున నిత్తునని షానామా వ్రాయించి, పని ముగిసిన పిదప వెండినాణెములు పంపెనట. 1026 ప్రాంతమున సోమనాథమునందు రాతివిగ్రహమును పగులగొట్టించినవాడు తా నాడినమాటను గూడ పగులగొట్టెనన్న మాట! తుదకు బంగారము తూసు నగరపు టొక ద్వారమున బ్రవేశించుసరికి వేఱొక ద్వారమున కవి శవము వెడలుచుండెనట. మహమ్మదు సామ్రాజ్యము చరిత్రపుటలలో మిగిలినది. షానామా నేటికిని పారసీకుల నోట నున్నది. రాజునకు శిలయు, సుకవికి ప్రజావాక్కును నిలుకడపట్టులని జాషువాకవి విశ్వాసము.

అయినను ఈ విశ్వాసమున గర్వముకంటె దిగులే యెక్కువ యని నాకు దోచును. శ్మశానమును గూర్చిన ఖండికలో సత్కవి కలము సైతము నిప్పులలో గరగిపోవునని వ్రాసినవా డాయనయే! వింత చూడుడు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవి హరిశ్చంద్ర నాటకమును ప్రదర్శించు నటులు కాటిసీనునందు ఈ పద్యములను జేర్చుకొనిరి. హార్మోనియము మ్రోగుచుండ, రాత్రి తెల్లవార్లు మేల్కొనిన రైతులును గూలీలును "వన్సుమోర్" అని కేకలు వేసిరి. అవి నాటకములోనివే యనుకొనినవా రెందఱో! కవి పేరెఱుగకయే పద్యము నేర్చిన నాలుకలవి. వారిలో గుడివాకిట నాపబడినవారును లేకపోలేదు.

హైదరాబాదు ట్యాంకుబండుపై నాయనకును ఒక విగ్రహ మున్నది. దానికి దండవేయు పెద్దలలో నొక్క పద్యమైన నప్పగింపగలవా రెందఱని నేనడుగను. కాటిసీను నటు నడుగుడు, ఇప్పటికిప్పుడు పాడును.