ఆకాశంలో సరదా, ఇంట్లో బాధ్యత



మా బీదరు వాళ్లకు విమానం చప్పుడు కొత్త కాదు. ఊరి పక్కనే వైమానిక దళం వారి శిక్షణ కేంద్రం ఉంది. 1996లో సూర్యకిరణ్ విన్యాస బృందం పుట్టింది ఇక్కడే. హాక్ శిక్షణ విమానాలు 2008లో ఇక్కడికి వచ్చాయి. పాఠం మధ్యలో ఆ చప్పుడు వినబడిందంటే సుద్దముక్క చేతిలో పట్టుకుని ఒక నిమిషం ఆగుతాను. అది దాటిపోయాక మళ్లీ అందుకుంటాను. ఏళ్ల తరబడి ఇదే అలవాటు.

మొన్న అలా ఆగిన నిమిషంలో ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు లేచి కన్నడంలో అడిగాడు: "సార్, ఉద్యోగానికి కాకుండా ఊరికే సరదాకు విమానం నడిపేవాళ్లు ఉంటారా?" క్లాసంతా గొల్లున నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. అలాంటి మనిషి మా బంధువర్గంలోనే ఒకడున్నాడు. ఆయన మా బావమరిది.

ముందు పిల్లవాడికి చెప్పిన జవాబు మీకూ చెబుతాను. ఉంటారు. మన దేశంలో పదో తరగతి పాసై, 17 ఏళ్లు నిండి, వైద్య పరీక్షలో నెగ్గి, పరీక్షలు రాసి, కనీసం 40 గంటలు విమానం నడిపినవారికి ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఇస్తారు. దానితో డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. మన దేశంలో విమానయానం ఇలాంటి సరదాతోనే మొదలైందనవచ్చు. 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటా మొదటి లైసెన్సు అందుకున్నారు. 1932లో కరాచీ నుంచి బొంబాయికి టపా సంచులతో తానే విమానం నడుపుకుంటూ వచ్చారు. ఏభై ఏళ్ల తరవాత, 1982లో, 78 ఏళ్ల వయసులో అదే దారిలో మరోసారి ఎగిరారు. సరదా అంటే అదీ!

ఇక మా బావమరిది సంగతి. అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "విమానం కొన్నాను బావా" అని ఫోన్‌లో చెప్పినప్పుడు ఇంతవాడెప్పుడయ్యాడా అని హడలిపోయాను. తీరా చూస్తే, మన దగ్గర నలుగురు రైతులు కలిసి ఒక బోరు వేయించుకున్నట్టు, నలుగురు స్నేహితులు కలిసి ఒక పాత సెస్నా 172 కొన్నారు. నాలుగు సీట్లు, ఒకే ఇంజను. 1955లో మొదటిసారి ఎగిరిన ఈ రకం, ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ సంఖ్యలో తయారైన విమానం. గంటకు దాదాపు 30 లీటర్ల పెట్రోలు తాగుతుంది. ఏడాదికోసారి లైసెన్సున్న మెకానిక్ చేత నిలువెల్లా పరీక్ష చేయించాలి. సుమారు 2,000 గంటలకోసారి ఇంజను విప్పి బాగుచేయించాలి. అందుకని నలుగురూ నెలనెలా చీటీ కట్టినట్టు డబ్బు వేసుకుంటారు.

అసలు చిక్కు డబ్బుతో కాదు, శనివారంతో వచ్చింది. వారానికి వచ్చే శనివారం ఒక్కటే. గరాజులో అల్మారా సగం చెక్కి వదిలేశాడు. పెరటి కంచెకు ఒకవైపే రంగు పడింది. వంటింటి కుళాయి బొట్టు బొట్టుగా కారుతూనే ఉంది. వాళ్లావిడ నాకు చెల్లెలి వరస. ఒకరోజు నాతోనే అంది: "అన్నయ్యా, విమానానికి నట్టు బిగిసిందో లేదో నాలుగుసార్లు చూస్తారు. మా కుళాయి వైపు ఒక్కసారి చూడరు." నవ్వుతూనే అంది గాని, అందులో నిష్ఠూరం లేకపోలేదు.

దానికి మందు విమానంలోనే దొరికింది. పైలట్లు ఇంజను స్టార్ట్ చేసే ముందు ఒక చీటీ చదువుతూ ఒక్కొక్కటే సరిచూసుకుంటారు. ఎన్నేళ్ల అనుభవం ఉన్నా జ్ఞాపకం మీద ఆధారపడరు. అదే పద్ధతి ఆవిడ ఇంటికి తెచ్చింది. ఫ్రిజ్ మీద కాగితం అంటించి, ఇంటి పనులన్నీ వరసగా రాసింది. ఒక పని పూర్తయితే ఒక శనివారం విమానం. కుళాయి ఆ వారమే బాగయింది. కంచె మాత్రం ఇంకా నడుస్తోంది.

శ్రోతలారా, ఇంతవరకు నవ్వుకునే కథ. ఇప్పుడు నవ్వులేని భాగం.

కిందటేడు ఒక శనివారం సాయంత్రం ఆరు గంటలకు వాళ్ల పాప కూచిపూడి నాట్య ప్రదర్శన. మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానని చెప్పి, పొద్దున్నే ఒక స్నేహితుణ్ణి తీసుకుని 250 కిలోమీటర్ల దూరంలోని ఊరికి ఎగిరాడు. తిరిగి వచ్చే వేళకు మబ్బులు కిందికి దిగాయి. ఆయన లైసెన్సు కంటికి దారి కనబడే వాతావరణంలో నడపడానికే. రెండు గంటలు ఆ చిన్న విమానాశ్రయంలో కిటికీ దగ్గర కూర్చున్నాడు. "మబ్బు అంత దట్టంగా లేదు, వెళ్లిపోవచ్చు అని మనసు పదిసార్లు చెప్పింది బావా" అన్నాడు నాతో. చివరికి ఇంటికి ఫోన్ చేశాడు. ఆవిడ అన్న మాట ఇది: "పాప మళ్లీ నాట్యం చేస్తుంది. మీరు అక్కడే ఉండండి."

అద్దె కారులో వచ్చేసరికి ప్రదర్శన అయిపోయి అందరూ భోజనాలు చేస్తున్నారట. పాప రెండు రోజులు మాట్లాడలేదు. "మూడో రోజు మాట్లాడింది బావా" అన్నాడు.

ఆ మబ్బులో ఏముందంత భయం అని మీరు అడగవచ్చు. చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడాం కదా? గిర్రున తిరిగి ఆగాక కూడా లోకం తిరుగుతూనే ఉన్నట్టు అనిపిస్తుంది. చెవి లోపలి ద్రవం చేసే మాయ అది. నేలా ఆకాశమూ కలిసే గీత కనబడకపోతే పైలట్‌కూ అంతే. విమానం ఒక పక్కకు ఒరిగి కిందికి జారుతున్నా, తిన్నగా పోతున్నట్టే తోస్తుంది.

1999 జులై 16న అమెరికాలో జాన్ ఎఫ్. కెనెడీ కుమారుడు, అదే పేరున్నవాడు, పినతండ్రి కూతురి పెళ్లికని సొంత విమానంలో బయలుదేరాడు. వయసు 38. ఎగిరిన అనుభవం సుమారు 310 గంటలు. వెంట భార్య, ఆమె అక్క ఉన్నారు. అప్పుడు రాత్రి 8 గంటల 38 నిమిషాలు. కింద సముద్రం, ఎదుట పొగమంచులాంటి మసక. శిక్షకుడొకరు తోడు వస్తానంటే, ఒక్కడినే నడుపుతానన్నాడని దర్యాప్తు నివేదికలో ఉంది. ముగ్గురూ సముద్రంలో పోయారు. చీకట్లో, మసకలో దిశ తెలియక విమానం అదుపు తప్పిందని దర్యాప్తు సంఘం తేల్చింది. పెళ్లి తొందరే కారణమని వారు అనలేదు, నేనూ అనను. కాని పెళ్లి అనే మాట మన అందరి కాళ్లకూ ఎంత తొందర పెడుతుందో మనకు తెలుసు.

ఈ ముచ్చట మీకెందుకంటే, మనలో విమానం నడిపేవాళ్లు తక్కువే గాని, ఇంటికి వస్తానని మాట ఇచ్చి బయలుదేరేవాళ్లం అందరమూ. హైదరాబాదు నుంచి బీదరుకు సుమారు 140 కిలోమీటర్లు. రాత్రిపూట జహీరాబాదు మీదుగా ఎన్ని జీపులు, ఎన్ని మోటారు సైకిళ్లు పెళ్లిళ్లకు పరుగులు తీస్తాయో మీరు చూసే ఉంటారు. "ఎక్కడున్నావు? ముహూర్తం దాటిపోతోంది" అని పది నిమిషాలకోసారి ఫోన్ చేసేదీ మనమే. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. కాదనను. కాని దారి బాగాలేని రాత్రి ఆలస్యమే అమృతం. ఆ అమృతం ఇవ్వవలసింది ఇంట్లోవాళ్లు. "నువ్వు రాకపోయినా ఏమీ అనుకోం, పొద్దున్నే రా" అని ముందే చెప్పి పంపాలి. ఆ మాట లేక నడిపేవాడు తొందరపడతాడు.

మా తరగతి పిల్లవాడికి చివరగా ఇదే చెప్పాను: "విమానం లేపడం 40 గంటల్లో వస్తుంది. ఇవాళ లేపను అనడం నేర్చుకోవడానికి ఇంట్లో అందరూ గురువులు కావాలి." వాడికి ఎంత అర్థమయిందో గాని, అప్పుడే ఇంకో హాక్ వచ్చింది. అందరం కిటికీలోంచి పైకి చూశాం.