రక్తంలో మూడు నెలల లెక్క



మనలో చాలామంది షుగరు పరీక్షకు రెండు రోజుల ముందునుంచీ మిఠాయి మానేస్తారు. ఆడిట్ పార్టీ వస్తున్నదని తెలిసి ఫైళ్ళు సర్దినట్లన్నమాట! పరగడుపు పరీక్ష ఆ పూట నిల్వ మాత్రమే చూపుతుంది. హెచ్‌బిఎ1సి పరీక్ష దగ్గర ఈ సర్దుబాటు సాగదు. ఎందుకో మనవి చేస్తాను.

ఎర్ర రక్తకణంలో ప్రాణవాయువును మోసే ప్రోటీను హిమోగ్లోబిన్. గ్లూకోజు ఈ కణంలోకి వెళ్ళడానికి ఇన్సులిన్ అనుమతి అక్కర్లేదు. రక్తంలో గ్లూకోజు ఎంత ఎక్కువుంటే అంత ఎక్కువగా హిమోగ్లోబిన్‌కు అంటుకుంటుంది. గట్టిగా అంటుకున్నాక కణం ఉన్నంతకాలం వదలదు. ఎర్రకణానికి కేంద్రకం లేదు, కొత్త హిమోగ్లోబిన్ తయారుచేసుకోలేదు. దాని ఆయుర్దాయం సుమారు 120 రోజులు. సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ పడినట్లే, కొట్టివేతలు కుదరవు. అందుకే ఈ పరీక్ష గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది. 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహంగా పరిగణించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సూచించింది.

ఒక హెచ్చరిక. రక్తహీనత ఉన్నా, ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా ఈ లెక్క తప్పవచ్చు. డాక్టరుగారికి ముందే చెప్పాలి. అంకె తగ్గించాలనే పట్టుదలతో మన వయస్సులో భోజనం మానడం, మాత్రలు సొంతంగా పెంచడం ప్రమాదం. షుగరు పడిపోతే తూలిపడతాం, స్పృహ కూడా తప్పవచ్చు. ఎవరికి ఎంత అంకె తగినదో డాక్టరుగారే నిర్ణయించాలి. ఇంట్లోవారు కూడా ఈ మాట గుర్తుంచుకోవాలి.

పరీక్ష కోసం కాక, ప్రతిరోజూ పథ్యం పాటించవలసినదిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.