పిచ్చుకలకు గుడ్డు పెంకులు
(డిసెంబరు 17, పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

కరువు భత్యం గురించి చెప్పవలసినదంతా నా ముందువారు చెప్పారు. నేను పిచ్చుకల గురించి రెండు మాటలు మనవి చేస్తాను. నవ్వకండి.

మా చిన్నతనంలో మెదక్‌లో ఇళ్లకు సున్నపు గోడలే. పిచ్చుకలు ఆ పెచ్చులను పొడుస్తుంటే మా నాయన తోలేవారు. కోడి తోలుగుడ్డు పెడితే మాత్రం మా అమ్మ గుడ్డు పెంకులు నలిపి తవుడులో కలిపి పెట్టేది. ఈ రెండింటికీ కారణం ఒక్కటేనని నాకు రిటైరయ్యాక తెలిసింది. పెంకులో సుమారు 95 శాతం కాల్షియం కార్బనేటే. గింజల్లో కాల్షియం బహు తక్కువ. చిన్న పిట్టల ఎముకల్లో నిల్వ కూడా పెద్దగా ఉండదు. అందుకే గుడ్లు పెట్టే రోజుల్లో ఆడపిట్ట నత్త గుల్లలో, సున్నపు పెచ్చులో వెతుక్కుంటుంది. నెదర్లాండ్స్ అడవుల్లో ఆమ్ల వర్షాలకు నేల చెడి, నత్తలు తగ్గి, పిట్టల గుడ్ల పెంకులు పలచబడ్డాయని 1994లో అక్కడి శాస్త్రవేత్తలు ప్రకటించారు. మన గోడలకిప్పుడు సున్నం పోయి రంగులు వచ్చాయి.

ఇది చదివి ఉత్సాహపడ్డాను. రెండేళ్ల క్రితం మా రోషన్‌దానులో ఒక జంట గూడు కట్టింది. ఆమ్లెట్ వేయగా మిగిలిన పెంకులను కడగకుండా, సగం చిప్పలుగానే, సరిగ్గా ఆ గూటి కింద గోడ మీద పెట్టాను. రెండో రోజుకే కాకులు మరిగాయి. నాలుగో రోజు పొద్దున చూస్తే గూడు కింద పడి ఉంది, పిల్లలు లేవు. “మీరే పిలిచి చూపించారు” అన్నది మా ఇంటావిడ. ఉద్యోగమంతా ఇతరుల ఫైళ్లలో తప్పులు పట్టినవాణ్ణి, ఆ మాటకు జవాబు దొరకలేదు.

కాబట్టి ఎవరైనా పెట్టదలిస్తే, ముందు పెంకులను పది నిమిషాలు నీళ్లలో మరిగించండి. వాటి మీద సాల్మొనెల్లా క్రిమి ఉండవచ్చు, అది పిట్టకూ మనకూ చేటే. ఎండబెట్టి బియ్యపు నూకంత చేయండి. మరీ పిండి చేస్తే గాలికి పోతుంది. చెంచాడు చాలు. గూటికి దూరంగా, పిల్లి దూకని చోట, మట్టి మూకుడులో విడిగా ఉంచండి. కావలసిన పిట్ట తనే ఏరుకుంటుంది. చేతులు సబ్బుతో కడుక్కోండి. గుడ్డు ముట్టని ఇళ్లవారికి చెరువుగట్టున నత్త గుల్లలు దొరుకుతాయి.

ఈ వేసవిలో మళ్లీ ఒక జంట వచ్చింది. మూకుడును దూరంగా జామచెట్టు దగ్గర పెట్టాను. ఆడపిట్ట వచ్చి రెండు ముక్కలు ఏరుకుంది, మగపిట్ట అటు చూడనైనా లేదు. మూడు పిల్లలు ఎగిరిపోయాయి. అదంతా పెంకుల చలవేనని నేననను. మరిగించి ఎండబెట్టినవి ఒక డబ్బాడు తెచ్చాను. కావలసినవారు భోజనాల తరువాత నన్ను అడగండి.