దాయాదులు కాదు, సోదరులు

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన మనల్ని ఒంటరివారిగా వదలక తల్లిదండ్రుల మధ్య, బంధువర్గం మధ్య పుట్టించాడు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, ఆయన ఇంటివారిపైన, ఆయన సహచరులపైన శాంతి శుభాలు కురియుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ అనుగ్రహాలను లెక్కించుకొనే వేళ మనం ఆరోగ్యాన్ని తలచుకుంటాము, ఉపాధిని తలచుకుంటాము, సంతానాన్ని తలచుకుంటాము. పెదనాన్న పిల్లలు, చిన్నాన్న పిల్లలు, మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు, పిన్ని పిల్లలు ఆ లెక్కలోకి రావడం అరుదు. వారు ఎప్పుడూ ఉన్నవారే గనుక వారి విలువ మనకు తట్టదు. ఈద్ నాడు ఒకే తాను గుడ్డతో కుట్టించిన చొక్కాలు తొడుక్కొని ఈద్‌గాహ్‌కు వరుసగా నడిచింది వారితోనే. అలిఫ్, బే దిద్దే రోజుల్లో మనల్ని చెయ్యి పట్టుకొని మక్తబ్‌కు తీసుకుపోయింది వారిలో పెద్దవాడే. కడప నుండో నిజామాబాద్ నుండో గల్ఫ్‌కు పోయిన యువకుడికి మొదటి రాత్రి తన గదిలో పక్క పరిచి, మొదటి జీతం వచ్చేదాకా అన్నం పెట్టినవాడు ఎవరని అడిగితే, చాలా ఇళ్ళలో వినిపించేది ఒక మేనమామ కొడుకు పేరో, పెదనాన్న కొడుకు పేరో.

అన్ నూర్ సూరా 61వ ఆయతులో అల్లాహ్ మనం సంకోచం లేకుండా భోజనం చేయదగిన ఇళ్ళను పేర్కొన్నాడు. అందులో తండ్రి సోదరుల ఇళ్ళు, మేనత్తల ఇళ్ళు, మేనమామల ఇళ్ళు, తల్లి అక్కచెల్లెళ్ళ ఇళ్ళు వేర్వేరుగా ప్రస్తావించబడ్డాయి. బంధువుల ఇళ్ళు అన్న ఒక్క మాటతో ఆయన సరిపెట్టలేదు. ఆ నాలుగు గడపలూ మన పిల్లలకు పరాయివి కాకూడదన్న భావం ఆ వివరణలోనే ఉన్నది.

మన తెలుగులో పెదనాన్న కొడుకును కూడా అన్న అనే పిలుస్తాము. చిన్నాన్న కూతురు మనకు చెల్లెలే. అయితే ఇదే భాషలో ‘దాయాది’ అన్న పదమూ ఉన్నది. వారసత్వపు సొత్తులో పాలు గలవాడు అని దాని మూలార్థం. అది క్రమంగా పగవాడు అన్న అర్థానికి ఎంత దగ్గరైనదో పత్రికలు చదివేవారికి చెప్పనవసరం లేదు. ఒకే మనిషికి రెండు పేర్లు! తాత బ్రతికి ఉన్నంతకాలం అన్నదమ్ములుగా ఉన్నవారు, ఆయన పొలానికి గొలుసు వేసి కొలిచిన నాడు దాయాదులై ఇంటికి వస్తున్నారు.

సోదరులారా! ఈ విషయంలో మనం దైవప్రవక్త (స) జీవితాన్ని చూడాలి. ఆయన పుట్టకమునుపే తండ్రి గతించాడు. 6 ఏళ్ళ ప్రాయంలో తల్లి, 8 ఏళ్ళ ప్రాయంలో తాత అబ్దుల్ ముత్తలిబ్ వెళ్ళిపోయారు. అప్పుడు తండ్రికి తోడబుట్టిన అబూ తాలిబ్ ఆయనను తన ఇంటికి తెచ్చుకున్నాడు. అబూ తాలిబ్ సంపన్నుడు కాడు, సంతానమా అధికం. ఆ పిల్లల అన్నంలోనే ఈ అనాథ బాలునికీ ఒక పాలు లభించింది. అజ్జుహా సూరాలో అల్లాహ్ ఆ ఆశ్రయాన్నే ప్రవక్తకు గుర్తుచేసి, అనాథల పట్ల కఠినంగా ఉండవద్దని, ప్రభువు అనుగ్రహాన్ని చాటుతూ ఉండమని ఆదేశించాడు.

ఆ అనుగ్రహాన్ని ఆయన ఎలా చాటారో చూడండి. ప్రవక్త పదవికి మునుపే మక్కాలో కరవు వచ్చింది. అబూ తాలిబ్ ఇంట కష్టం పెరిగింది. ఆయన (స) మరో పినతండ్రి అబ్బాస్ వద్దకు వెళ్ళి, మనమిద్దరం చెరొక పిల్లవాణ్ణి తీసుకొని ఆ ఇంటి భారం తగ్గిద్దామని ప్రతిపాదించారు. అబ్బాస్ జాఫర్‌ను తీసుకున్నాడు, ప్రవక్త (స) అలీని తన ఇంట పెంచుకున్నారు. తాను తిన్న అన్నాన్ని ఆయన ఆ ఇంటి బిడ్డకే తిరిగి వడ్డించారు. హజ్రత్ అలీ (రజి) ఎవరై ఎదిగారో మనకందరికీ తెలుసు.

జాఫర్ (రజి) సంగతి కూడా వినండి. ఆయన అబిసీనియాకు వలసపోయి ఏళ్ళ తరబడి అక్కడే ఉండి, హిజ్రీ 7వ సంవత్సరం ఖైబర్ విజయం నాటికి తిరిగి వచ్చారు. ప్రవక్త (స) ఆయనను కౌగిలించుకొని, ఖైబర్ గెలుపు, జాఫర్ రాక, ఈ రెండింటిలో దేనికి ఎక్కువ సంతోషించాలో తెలియడం లేదన్నారు. మరుసటి ఏడే మూతా యుద్ధంలో జాఫర్ (రజి) అమరులయ్యారు. ప్రవక్త (స) వారి ఇంటికి స్వయంగా వెళ్ళి, పిల్లలను పిలిపించుకొని దగ్గరకు తీసుకున్నారు. ఆయన కళ్ళ వెంట నీరు కారింది. ఆ ఇంటివారు దుఃఖంలో ఉన్నారు, వారికోసం భోజనం సిద్ధం చేయండని తన వారికి చెప్పారు. మన ఊళ్ళలో మాత్రం చావు జరిగిన ఇంటివారే అప్పు తెచ్చి, వచ్చినవారికి వంటలు వండించవలసి వస్తున్నది. ఆ దినాన గిన్నెలు మోసుకొని రావలసింది పెదనాన్న, చిన్నాన్న పిల్లలే!

ఇక్కడ ఒక మాట. స్త్రీ పురుషులైన ఈ బంధువులు పరస్పరం మహ్రములు కారు. ఆప్యాయత పేరిట పరదా హద్దులు దాటరాదు, హద్దుల పేరిట క్షేమసమాచారమైనా అడగకుండా ఉండరాదు.

మేలు చేసిన బంధువును ప్రేమించడం సులభమే. గాయపరచినవాని మాటేమిటి? మిస్తహ్ (రజి) తల్లి, హజ్రత్ అబూబక్ర్ (రజి) పినతల్లి కూతురు. పేద ముహాజిర్ అయిన మిస్తహ్‌ను అబూబక్ర్ (రజి) పోషిస్తూ వచ్చారు. హజ్రత్ ఆయిషా (రజి)పై అపవాదు లేచినప్పుడు ఆ మిస్తహ్ కూడా దానిలో నోరు కలిపాడు. కన్నకూతురిపై నింద! ఇక అతనికి ఏమీ ఇవ్వనని అబూబక్ర్ (రజి) ప్రమాణం చేశారు. అప్పుడు అన్ నూర్ సూరా 22వ ఆయతు అవతరించింది. బంధువులకు ఇవ్వబోమని కలిగినవారు ప్రమాణం చేయరాదని, అల్లాహ్ తమను క్షమించాలని వారు కోరుకోరా అని అది ప్రశ్నించింది. అబూబక్ర్ (రజి) కోరుకుంటానని పలికి, ఆ సాయాన్ని తిరిగి కొనసాగించారు. మన తగవుల్లో ఇంతటి గాయం ఎన్నింటిలో ఉన్నది? గట్టు మీద చెట్టు ఎవరిదన్న మాటకు, పెళ్ళి పత్రికలో పేరు రాలేదన్న మాటకు పదేళ్ళు పలకరింపు మానుకున్నవారు మన సఫ్ఫుల్లోనే భుజం కలిపి నిలబడుతున్నారు.

తాత కంటే ముందే మరణించిన కొడుకు పిల్లల విషయం మరీ ముఖ్యమైనది. ఇతర కుమారులు జీవించి ఉంటే, ఆ అనాథలకు తాత ఆస్తిలో వారసత్వపు వాటా రాదు. ఇది విని, ధర్మమే మా పక్షాన ఉన్నదని చేతులు దులుపుకొనేవారున్నారు. ధర్మం అంతటితో ఆగలేదు. వారు వారసులు కారు గనుకనే, తాత బ్రతికి ఉండగా మూడింట ఒక వంతుకు మించకుండా వారికి వసీయత్ వ్రాయవచ్చు. అతడు వ్రాయకుండానే పోతే, పంపకం వేళ అక్కడికి వచ్చిన బంధువులకు, అనాథలకు, పేదలకు అందులోనుంచి ఇచ్చి, వారితో మంచి మాట పలకమని అన్నిసా సూరా 8వ ఆయతు చెబుతున్నది. అబ్దుల్ ముత్తలిబ్ ఇంట తండ్రిని కోల్పోయిన మనుమడు ఎవరో మనం మరువరాదు.

మేనత్త వాటా కూడా ఇటువంటిదే. పెళ్ళికి కట్నం ఇచ్చామన్న మాట, అల్లాహ్ నిర్ణయించిన వాటాను రద్దు చేయజాలదు. ఆ వాటాను మింగిన చేతితోనే ఈద్ నాడు మేనత్త కొడుకును కౌగిలించుకుంటే, ఆ కౌగిలి ఎవరిని మోసగించడానికి? తాత పేరిట పట్టా ఇంకా పంచకుండా ఉన్న ఇళ్ళవారు ఈ వారమే ఒక ఆలిమ్‌ను కూర్చోబెట్టుకొని వాటాలు వ్రాయించుకోండి. మీ మేనత్తలను కూడా పిలిచి, వారి ఎదుటనే వ్రాయించండి.

ఓ అల్లాహ్! ఒకే కంచం చుట్టూ మమ్మల్ని కూర్చోబెట్టి పెంచిన మా తాతలను, నానమ్మలను, అమ్మమ్మలను క్షమించు. మేము పలకరింపు మానుకున్న మా సోదరుల గడపకు మమ్మల్ని మొదటగా నడిపించు. మాలో తండ్రిని కోల్పోయిన పిల్లలకు మా ఇళ్ళలో చోటు కల్పించు. ఆమీన్.