ఆన్‌లైన్ విరాళం: బటన్ నొక్కాక ఏం జరుగుతుంది?



"గుడి వెబ్‌సైటులో కార్డు నంబరు ఇస్తే భద్రమేనా బాబూ?" అని చాలామంది అడుగుతుంటారు. క్లుప్తంగా చెబుతాను.

విరాళాల పేజీలో మీరు నంబరు టైపు చేసే పెట్టె పేమెంట్ ప్రాసెసర్‌ది. ఆ నంబరు గుడి కంప్యూటర్లకు రాదు, నేరుగా వాళ్ళకే వెళ్తుంది. వాళ్ళు వీసా, మాస్టర్‌కార్డ్ వంటి నెట్‌వర్క్ ద్వారా మీ బ్యాంకును అడుగుతారు. బ్యాంకు సరేనంటే క్షణాల్లో రసీదు వస్తుంది. డబ్బు గుడి ఖాతాలో పడటానికి మాత్రం కొన్ని రోజులు పడుతుంది. కార్డు నంబరులో మాకు కనిపించేది చివరి నాలుగు అంకెలే. కాబట్టి గుడి పేరు చెప్పి ఎవరైనా ఫోనులోనో వాట్సాప్‌లోనో పూర్తి నంబరు అడిగితే ఇవ్వకండి.

ఇక ఖర్చు సంగతి. అమెరికాలో స్ట్రైప్ మామూలు రేటు 2.9 శాతం, పైన 30 సెంట్లు. గుళ్ళలాంటి సంస్థలకు కొంత తగ్గింపు దొరకవచ్చు. మామూలు రేటునే చూస్తే 100 డాలర్లకు పోయేది 3 డాలర్ల 20 సెంట్లు. అదే 5 డాలర్ల అర్చనకు దాదాపు 45 సెంట్లు, అంటే 9 శాతం! ఐదు అర్చనలకు విడివిడిగా కడితే 2 డాలర్ల పైనే పోతుంది. ఒకేసారి 25 డాలర్లు కడితే ఒక డాలరుతో సరిపోతుంది. అందుకే ఇంటిల్లిపాది గోత్రనామాలూ ఒకేసారి ఇచ్చి కట్టండి. పెద్ద విరాళమైతే చెక్కు మేలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర్లో చెబుతున్నాను. కార్డు స్టేట్‌మెంటులో గుడి పేరు పొట్టి అక్షరాల్లో ఉంటుంది. గుర్తుపట్టక, "ఇది మేం కట్టింది కాదు" అని బ్యాంకుకు చెబితే, బ్యాంకు ఆ సొమ్మును గుడి ఖాతా నుంచి వెనక్కి లాగేస్తుంది. స్ట్రైప్‌లో అయితే దానికి 15 డాలర్ల రుసుము కూడా పడుతుంది. అంటే 51 డాలర్ల అభిషేకం చేయించి, ఆ 51 తిరిగిచ్చి, గుడి ఎదురు 15 కట్టాలి.

కాబట్టి ముందు ఇంట్లో అడగండి. అమ్మగారో అయ్యగారో కట్టి ఉండొచ్చు! తర్వాత మన కోశాధికారిగారికి ఫోన్ చేయండి. పొరపాటున రెండుసార్లు కట్టి ఉంటే మేమే వాపసు చేస్తాం, దానికి ఆ 15 డాలర్లు పడవు. మీ కార్డును ఎవరో వాడుకున్నారని తేలితే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా బ్యాంకుకే చెప్పండి. అది మీ హక్కు.

మీరిచ్చే ప్రతి డాలరూ స్వామి సేవకే చేరాలన్నదే మా ప్రయత్నం.